తేనె కౌంటరు బాగుపడిన వైనం

ఒక పెద్ద అడవిలో, వాగు ఒడ్డున, తేనె పంపిణీ కేంద్రం ఉండేది. దానికి మేనేజరూ, గుమాస్తా, బంట్రోతూ అన్నీ గుబురయ్య అనే ఎలుగుబంటే. తేనెటీగలు తెచ్చిన తేనెను ఆకుదొప్పల్లో పోసి జంతువులకు ఇవ్వడం అతని పని.

ఇచ్చేముందు ప్రతి దొప్పలోనూ ఓసారి నాలుక పెట్టేవాడు. అందుకే క్యూ కదిలేది కాదు.

"నాది రుచి చూడక్కర్లేదు గుబురయ్యా, నాకు నమ్మకమే," అని కుందేలు మొత్తుకునేది.

"బాధ్యతమ్మా," అనేవాడు మూతి నాక్కుంటూ.

ఫిర్యాదు సింహం దాకా వెళ్ళింది. పనితీరు మెరుగుపరచమని సింహం కలాపి అనే నెమలిని పంపింది. పొరుగడవిలో అతనేదో బాగుచేశాడని చెప్పుకునేవారు. ఏమిటని అడగబోతే పురి విప్పేవాడు. ఆ సొగసు చూసి, అడిగినవాళ్ళు అడిగిన సంగతే మరిచిపోయేవారు.

ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాడు గుబురయ్య.

"ఆ నాలుకతో ఏం చేస్తున్నారు?" అన్నాడు కలాపి.

"రుచి... చూస్తున్నానండి."

"భేష్. దీన్ని నాణ్యతా విభాగం అందాం. దానికి మీరే అధిపతి."

గుబురయ్య గాల్లో తేలిపోయాడు. ఇన్నాళ్ళూ దొంగచాటుగా నాకినవాడు ఇక అధికారికంగా నాకవచ్చు.

వేగం విభాగాన్ని తాబేలుకు ఇచ్చారు. ముందు తాబేలు దగ్గర టోకెను తీసుకుంటేనే తేనె. క్యూ అంతా అటు మళ్ళింది. ఖాళీ కౌంటరు చూపించి, "చూశారా ప్రభూ, క్యూనే లేదు," అన్నాడు కలాపి. సింహం మురిసిపోయింది.

ఆ ఊపులో తేనెటీగలకూ టోకెన్లు పెట్టారు. ఒక్కో ఈగ తెచ్చిన చుక్కనూ గుబురయ్య నాకి, సంతృప్తి చెందితేనే జమ. నాకేశాక జమచేయడానికి ఏమీ మిగిలేది కాదు.

"మా వల్ల కాదు నాయనా," అంది రాణీగ. మర్నాడే ఈగలన్నీ లేచిపోయి సింహం గుహ వాకిటి పైన తేనెపట్టు పెట్టాయి.

సింహం నిద్రలేచేసరికి గుమ్మంలో అడవంతా దొప్పలతో నిలబడి ఉంది.

"కాస్త నిండుగా పోయండి దొరా," అంది కుందేలు.

గర్జిద్దామని నోరు తెరిచి, నెత్తిమీద పట్టును చూసి మూసుకుంది సింహం. దొప్పల్లో తేనె పోయసాగింది. క్యూ చకచకా కదిలింది.

"వాకిట్లోనే సేవ. అంతా మన పద్ధతి ఫలితమే ప్రభూ," అని కలాపి పురి విప్పాడు.

ఇటు వాగు ఒడ్డున తేనె లేదు, వచ్చేవాళ్ళు లేరు, ఫిర్యాదులూ లేవు. ఆ ఏడు ఉత్తమ కార్యాలయం అవార్డు దానికే ఇచ్చారు. గుబురయ్య పూలదండ వేయించుకుని, చప్పట్లు ఆగకముందే దొప్ప పట్టుకుని గుహ వైపు పరుగెత్తాడు. ఆకలి అలా ఉంది మరి.

నీతి: ఏ కార్యాలయమైనా బాగుపడటానికి అడ్డొచ్చేది ఒక్కటే, అందులో జరిగే పని.