మస్కట్‌లో బియ్యం ధర

బడికి సెలవైన ఆ శనివారం పొద్దున ధనుంజయ్ చేయవలసిన పనులు ఇవి: అమ్మకు బీడీ కార్ఖానా నుంచి ఆకు, తంబాకు తేవడం. తొమ్మిదో తరగతి ఇంగ్లీషు పేపర్లు దిద్దడం. కారుతున్న నల్లా బాగు చేయించడం. వియత్నాం, థాయ్‌లాండ్, ఒమన్ దేశాల్లో ఇంగ్లీషు టీచర్ల జీతమెంతో, అక్కడ బతకడానికి ఖర్చెంతో పోల్చి చూడటం. ఈ చివరి పని సంగతి ఎవరికీ తెలియనివ్వకపోవడం.

ధనుంజయ్ ఆ ఇంట్లో కాలేజీ మెట్టెక్కిన మొదటివాడు. డిచ్‌పల్లి యూనివర్సిటీలో ఎమ్మే ఇంగ్లీషు చేసి, బోధన్‌లోని ఒక ప్రైవేటు బడిలో నాలుగేళ్లుగా పాఠాలు చెబుతున్నాడు. చేరిన రోజు జీతమెంతో ఇప్పటికీ అంతే. పెంచమని అడగడం మర్యాద కాదని అతని నమ్మకం. దేశం మారడం అంతకంటే సులువనిపించింది.

ఫోన్‌లో చాలా సంగతులు దొరికాయి. వియత్నాంలో జీతం బాగుంది గాని ఇంకో సర్టిఫికెట్ కావాలి. థాయ్‌లాండ్‌లో తిండి చవక, జీతమూ చవకే. ఒమన్‌లో కొన్ని బళ్లు ఉండటానికి గది కూడా ఇస్తాయట. కానీ రెండు పూటలా అన్నం తినే మనిషికి అక్కడ నెలకెంతవుతుందో ఎక్కడా సరిగ్గా రాయలేదు. అందుకని బస్టాండు దగ్గరి హోటల్లో, మస్కట్ నుంచి సెలవు మీద వచ్చిన డ్రైవర్ మహేందర్‌ను కలిశాడు.

"అన్నా, మస్కట్‌ల బియ్యం ఎట్లున్నయి? నెలకు తిండికెంత అయితది?"

"ఒక్కనికా, ఇద్దరికా?"

"ఒక్కనికే."

మహేందర్ చాయ్ గ్లాసు కింద పెట్టి, లేచి చెయ్యి కలిపాడు. "ముబారక్ తమ్మీ."

"అట్ల కాదన్నా, ఊకెనే అడిగిన."

"ఊకె అడిగేటోడు బంగారం ధర అడుగుతడు. బియ్యం ధర అడిగేటోడు పోయేటోడే. చాయ్ పైసలు నేనిస్త, నువ్వు పో."

"నేను పోతలేనన్నా."

"తెల్సు, తెల్సు" అని మహేందర్ కన్ను గీటాడు.

ఆ చుట్టుపక్కల ఒక పద్ధతి ఉంది. విమానం ఎక్కేదాకా ఎవరూ గల్ఫ్ పోతున్నట్టు చెప్పుకోరు. ముందే చెబితే దిష్టి తగలవచ్చు, ఏజెంటు ముంచితే నలుగురిలో పరువు పోవచ్చు. కాబట్టి "పోతలేను" అనడం పోయేవాళ్ల మొదటి లక్షణం. ధనుంజయ్ ఆ మాట ఎంతమందితో అన్నాడో అంతమందికీ నమ్మకం కుదిరింది.

అతను ఆకు తీసుకుని ఇల్లు చేరేసరికి వార్త ముందే చేరింది. అరుగు మీద బీడీలు చుట్టే ఆడవాళ్లు చేతులు ఆపి చూస్తున్నారు. అమ్మ భాగ్యలక్ష్మి ఒళ్లోని బీడీల చాట పక్కన పెట్టేసింది. జ్వరం వచ్చిన రోజు కూడా ఆమె ఆ చాట దించింది లేదు.

"నాకన్న చెప్పకపోతివి బిడ్డా."

"అమ్మా, గట్లాంటిదేం లేదు."

"సరే, లేదు" అంది భాగ్యలక్ష్మి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గిస్తూ. "నేనుగూడ లేదనే చెప్త."

ఆమె ముఖంలోని వెలుగు చూసి అతను సాయంత్రం చెబుదామనుకున్నాడు. సాయంత్రానికి సామాన్లు రావడం మొదలైంది.

ఒకరు గల్ఫ్ పోతుంటే అక్కడున్న తమవాళ్లకు తలా ఒక డబ్బా పంపడం ఆ వాడ హక్కు. వెంకటవ్వ తన అల్లుడికి గరిజెల డబ్బా, అంటే కజ్జికాయలు, తెచ్చింది. రుద్రూర్ నుంచి హనుమాయమ్మ ఆటో కట్టించుకుని మరీ వచ్చింది. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి పొలాలు కొన్న కుటుంబం వాళ్లది.

"మా మేనల్లుడు సాయిప్రసాద్ కూడా మస్కట్లోనే ఉన్నాడు నాయనా. ఆవకాయ. నూనె కారకుండా మూడు కవర్లు కట్టాను. విమానంలో ఒళ్లో పెట్టుకో, ఏమంటావ్?"

"అమ్మగారూ, నేను వెళ్లడం లేదండీ."

"అలాగేలే బాబూ. వెళ్లని వాడివి జాగ్రత్తగా వెళ్లిరా."

ఆదివారం రాత్రికి అతని మంచం కింద చోటు మిగల్లేదు. పేపర్లు దిద్దుతూ, సిగ్గుతో ఏం చేయాలో తోచక, చేతికందిన డబ్బా తెరిచి ఒక గరిజె తిన్నాడు. తర్వాత ఇంకొకటి.

సోమవారం బడిలో ప్రార్థన అయ్యాక కరస్పాండెంటు పరమేశ్వర్ అతన్ని స్టేజీ మీదికి పిలిచాడు. శాలువా సిద్ధంగా ఉంది. "మన బడి సార్లు దేశాలు దాటుతుండ్రంటే మన బడి ఎసుంటిదో తల్లిదండ్రులు ఆలోచన చెయ్యాలె" అని మైకులో చెప్పాడు. ముందు వరుసలో హర్షిణి అనే పిల్ల ఏడ్చింది. ఆమెకు ఇంగ్లీషులో ఎప్పుడూ మంచి మార్కులు రాలేదు.

"సార్, నేను పోతలేను" అన్నాడు ధనుంజయ్, శాలువా కప్పించుకుంటూనే.

"మా బామ్మర్దిగూడ గిట్లనే అన్నడు. తెల్లారి ఫ్లైటెక్కిండు. ఫికర్ చెయ్యకు, నీ జాగల మేడం గూడ వచ్చింది."

స్టాఫ్ రూములో ధనుంజయ్ కుర్చీలో కావ్య అనే కొత్త టీచరు కూర్చుని ఉంది. ఫొటోగ్రాఫర్ నవ్వమన్నాడు. ధనుంజయ్ నవ్వాడు. ఆ నవ్వుకు ఇప్పటికీ అతను సిగ్గుపడతాడు.

ఇంటికొచ్చి అమ్మ ముందు కూర్చుని అంతా చెప్పాడు. పోవడం లేదు, ఉన్న ఉద్యోగమూ లేదు. భాగ్యలక్ష్మి చాట ఒళ్లోకి లాక్కుని ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది.

"మరి వాడకట్టోళ్లకు నేను మొఖమెట్ల చూపియ్యాలె?"

"నేనే పోయి చెప్త."

ఒక్కో ఇంటికీ వెళ్లి ఎవరి డబ్బా వాళ్లకు ఇచ్చాడు. తిడితే బాగుండునని అతని కోరిక. ఎవరూ తిట్టలేదు. "ఏజెంటు ముంచిండా బిడ్డా?" అని జాలిపడ్డారు. వెంకటవ్వ డబ్బా మూత తీసి లోపలికి చూసింది.

"గిండ్ల సగమే ఉన్నయేంది?"

"నేను తిన్న అవ్వా. పేపర్లు దిద్దుకుంట."

వెంకటవ్వ మూత మళ్లీ పెట్టింది. "మంచిగున్నయా?"

"మంచిగున్నయి."

"మా అల్లుడు గామాట ఒక్కనాడు చెప్పలే" అని, మిగిలినవి కూడా అతని చేతిలో పెట్టింది. ఆ వీధి దాటేదాకా ధనుంజయ్ తలెత్తలేదు.

మర్నాడు బడికెళ్లి పరమేశ్వర్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "శాలువా కప్పినంక వాపస్ తీసుకునుడు బాగుండదు" అన్నాడు పరమేశ్వర్. "అయినా ఇప్పుడు నాతోని కాదు. ఆ మేడంకు నీకన్న ఎక్కువ ఇస్తున్న."

బయట వరండాలో కావ్య ఎదురైంది.

"ఏమనుకోకుండ్రి మేడం. మీకెట్ల ఎక్కువ ఇచ్చిండ్రు?"

"అడిగిన సార్. ఎడపల్లిల ఇంతకుముందు బడిల నాకు గంత వస్తుండె. ఇల్లు దగ్గరని ఇటు ఒప్పుకున్న గని, అంతకు తక్కువైతే రానన్న. మీరడగలేదా?"

"లేదు."

"నాలుగేండ్లల్ల ఒక్కసారిగూడనా?"

హనోయ్‌లో గది కిరాయి, బ్యాంకాక్‌లో బస్సు పాసు అతనికి నోటికొచ్చు. ఆటోలో పోయేంత దూరంలోని ఎడపల్లిలో టీచరుకు ఎంతిస్తారో నాలుగేళ్లలో తెలుసుకోలేదు.

"అక్కడ నా జాగ ఇంక ఖాళీనే సార్" అంది కావ్య, ఫోన్ తీస్తూ. "మాట్లాడాల్నా?"

ధనుంజయ్ ఇప్పుడు ఎడపల్లిలో పాఠాలు చెబుతున్నాడు. జీతం పాతదాని కంటే ఎక్కువ, రోజూ ఆటో ఖర్చు పోను కూడా. కొడుకు ఎక్కడ పనిచేస్తున్నాడని ఎవరైనా అడిగితే భాగ్యలక్ష్మి తలెత్తి ఎడపల్లి అనే చెబుతుంది. అరుగు మీది ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకుని, వీసా ఇంకా రాలేదన్నమాట అనుకుంటారు.

చదివేవాళ్లకు ఒక మనవి. ఏ దేశంలో జీతమెంత, ఖర్చెంత అని పోల్చడానికి కూర్చున్నప్పుడు కావ్య మేడంను ఒకసారి గుర్తు చేసుకోండి. ఆమెకు పాస్‌పోర్టు లేదు.