ఆఖరి పెట్టెలో కాపలా

ఆ రోజు పొద్దున గుమాస్తా గారి పథకం చాలా సాదాసీదాగా ఉంది. ఎప్పటి రైలే ఎక్కాలి, ఎప్పటి స్టేషన్లోనే దిగాలి, పదింటికల్లా డైరెక్టరు గారి ముందు కూర్చోవాలి, ఇక జన్మలో ఆ రైలు మొహం చూడనవసరం లేకుండా చేసుకోవాలి.

ఆయన పనిచేసేది లిఫ్టుల కంపెనీలో, ఫిర్యాదుల విభాగంలో. ఊరందరినీ పైకి తీసుకెళ్ళే ఆ కంపెనీలో ఆయనొక్కడే చేరిన అంతస్తులో ఉండిపోయాడు. ఇల్లేమో నగరానికి బాగా దూరంగా, సముద్రం ఒడ్డున. గాలి బాగుంటుందని భార్య పట్టుబట్టి తీసుకున్న ఇల్లు. గాలి బాగానే ఉండేది, ఆమెకు. ఆయన చీకటితో బయల్దేరి, చీకటి పడ్డాక ఇల్లు చేరేవాడు. తీరం ఉంది గానీ తీరిక లేదు. అలలున్నాయి గానీ చూసే అలవాటు లేదు. పోనీ ఆదివారం చూద్దామంటే, ఆ రోజు నగరమంతా కట్టగట్టుకొచ్చి సముద్రానికి అడ్డంగా నిలబడేది.

ఇలా ఉండగా కంపెనీవాళ్ళు అదే ఒడ్డున, సరిగ్గా ఆయన వీధి చివర, లిఫ్టుల మరమ్మతు కేంద్రం పెట్టబోతున్నారని తెలిసింది. దానికి అధికారిగా ఎవరిని వెయ్యాలో తేల్చే ఇంటర్వ్యూ ఇవాళే.

"ఇది గానీ వచ్చిందా, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చెయ్యొచ్చు" అన్నాడాయన టై ముడి బిగించుకుంటూ.

"రోజూనా?" అంది భార్య. ఆ గొంతులో సంతోషం పాలెంతో, కంగారు పాలెంతో ఆయనకు అంతుపట్టలేదు.

"రోజూ! సాయంత్రం ఇద్దరం ఒడ్డున నడవొచ్చు కూడా."

"ముందు స్టేషన్ దాకా నడవండి. రైలు పోతుంది."

ఆ రైలు గురించి కొంచెం చెప్పుకోవాలి. బయల్దేరేది సముద్రం ఒడ్డునుంచే. నగరం నడిబొడ్డులోంచి దూసుకుపోయి, అవతలి చివర సామాన్ల యార్డు దాకా వెళ్ళి, అక్కడ కాస్త ఊపిరి పీల్చుకుని, మళ్ళీ ఒడ్డుకి వచ్చేస్తుంది. ఆఖరి పెట్టెలో ఎక్కేవాళ్ళంతా పాతకాపులు. వాళ్ళ మధ్య ఒక కట్టుబాటు ఉంది. రోజుకొకరు తలుపు పక్క సీట్లో మెలకువగా కూర్చోవాలి. తక్కినవాళ్ళు గుర్రుపెట్టి నిద్రపోవచ్చు. ఎవరి స్టేషన్ వస్తే వాళ్ళని తట్టి లేపడం ఆ సీట్లో ఉన్నవాళ్ళ పూచీ. దానికి కాపలా సీటని పేరు. రైలు రంగు మారింది, టిక్కెట్టు తీరు మారింది గానీ, ఈ కట్టుబాటు ఏనాడూ తప్పలేదు. కట్టుకున్నవాళ్ళని కూడా అంతగా నమ్మని మనుషులు కాపలా సీటుని నమ్మి కళ్ళు మూసుకునేవారు.

ఆ రోజు కాపలా గుమాస్తా గారిది.

"ఇవాళ అన్నయ్యదా? అయితే నాకు నిశ్చింత" అంటూ నర్సు చెప్పులు విడిచి కాళ్ళు పైకి ముడుచుకుంది.

"నన్ను మాత్రం గట్టిగా కుదపాలయ్యోయ్! మెల్లగా తడితే మా మనవడనుకుని ఇంకాస్త పడుకుంటాను" అన్నాడు లెక్కల మాస్టారు. ఆ వాక్యం చివరి మాట సగం గురకలో కలిసిపోయింది. ఎదుటి సీట్లో టైలరు మెడలో టేపుతో సహా కిటికీకి ఆనుకుని ఉన్నాడు. సూదిలోకి దారం ఎక్కించే మనిషి కదా, కళ్ళు ఎప్పుడూ సగమే మూసినట్టుంటాయి.

గుమాస్తా గారు ఇంటర్వ్యూ జవాబులు లోలోపల వల్లెవేయడం మొదలుపెట్టాడు. 'మీ బలహీనత ఏమిటి?' అని అడుగుతారు. 'పని కనిపిస్తే ఆగలేనండి' అనాలి. 'మీ బలం ఏమిటి?' అంటారు. 'బాధ్యత అప్పగిస్తే ప్రాణం పెడతానండి' అనాలి. రాత్రంతా ఇవే జవాబులు అద్దానికి చెప్పాడేమో, ఇప్పుడు వినేసరికి ఆయనకే ఆవులింత వచ్చింది. ఎర్రబడ్డ కళ్ళతో డైరెక్టరు ముందు కూర్చుంటే ఏం బాగుంటుంది? ఒక్క కునుకు తీస్తే మొహం తేటపడుతుంది.

"ఏమోయ్, కాసేపు కాపలా చూస్తావా? చిన్న కునుకు తీస్తాను" అన్నాడు టైలరుతో.

టైలరు తల ఊపాడు.

"మరిచిపోవు కదా? ఇవాళ నాకు చాలా ముఖ్యం."

టైలరు ఈసారి ఇంకా లోతుగా ఊపాడు.

"మా బంగారానివి!" అని గుమాస్తా గారు కళ్ళు మూసుకున్నాడు. అడగడం అయిపోయాక కూడా టైలరు తల ఊగుతూనే ఉన్న సంగతి గమనించడానికి అప్పటికి ఆ పెట్టెలో మేలుకున్నవాళ్ళెవరూ లేరు.

మొహాన ఎండ కొట్టి ఆయనకు మెలకువ వచ్చింది. కిటికీలో సముద్రం. నీలంగా, నిండుగా, మిలమిలలాడుతూ. పనిరోజున పగటి వెలుగులో సముద్రాన్ని చూడడం ఆయనకదే మొదటిసారి. ఎంత బాగుందో అనుకున్నాడు. మరుక్షణమే ఇంటర్వ్యూ గుర్తొచ్చి దిగ్గున లేచి కూర్చున్నాడు.

"ఇదేమిటి, ఇంకా బయల్దేరలేదా?" అన్నాడు మాస్టారు కళ్ళు నులుముకుంటూ.

"బయల్దేరింది, వెళ్ళింది, తిరిగొచ్చింది కూడా" అంది నర్సు ఫోన్లో టైము చూసి. "మనమే ఎక్కడికీ వెళ్ళలేదు. కాపలా ఎవరిది?"

అందరూ గుమాస్తా గారి వైపు చూశారు. గుమాస్తా గారు టైలరు వైపు చూశాడు.

"నువ్వు తల ఊపావు కదయ్యా!"

"నేను రోజూ ఊపుతా సార్. నిద్రలో నా తల నా మాట వినదు. మొన్న మా ఆవిడ ఏదో అడుగుతుంటే ఇలాగే ఊపానంట. వాళ్ళ పుట్టింటివాళ్ళంతా దిగిపోయారు. ఇంకా వెళ్ళలేదు."

"ఇంతమందిమి పడి ఉంటే లేపడానికి ఒక్కడికీ చేతులు రాలేదా?" అని మాస్టారు ప్లాట్‌ఫారం మీద పోతున్న గార్డు మీద విరుచుకుపడ్డాడు.

"యార్డులో పెట్టె ఊడ్చే ఆవిడ మీ కాళ్ళు పైకెత్తి మరీ ఊడ్చిందండి" అన్నాడు గార్డు. "ఎంత అలసిపోయారో పాపం, లేపబుద్ధి కాలేదంది."

అప్పటికే అందరి ఫోన్లూ మోగి మోగి అలిసిపోయాయి. గుమాస్తా గారు ఆఫీసు నంబరు నొక్కబోతుంటే మాస్టారు చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగవయ్యా! తలా ఒక కారణం చెబితే అందరం దొరికిపోతాం. ఒకే మాట మీద ఉండాలి."

"నిద్రపోయామని చెప్పేస్తే పోలా?" అంది నర్సు.

"క్లాసులో కునికినవాణ్ణి నేను బెంచీ ఎక్కిస్తానమ్మా! ఆ మాట హెడ్మాస్టరుతో ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"రైలు చెడిపోయిందందాం" అన్నాడు గుమాస్తా గారు.

"రైల్వేవాళ్ళనడిగితే తేలిపోతుంది" అంది నర్సు.

టైలరు కిటికీలోంచి చూస్తూ, "సముద్రం పట్టాల మీదికొచ్చిందని చెబుదామా?" అన్నాడు. "దాన్నెవరడుగుతారు?"

మరుక్షణం అందరూ ఒకేసారి ఫోన్లు అందుకున్నారు.

"పట్టాల మీదికి నీళ్ళొచ్చాయండి... ఎక్కువేం కాదు, చీలమండల దాకా" అన్నాడు గుమాస్తా గారు డైరెక్టరు గారి పీఏతో. పక్కనే మాస్టారు హెడ్మాస్టరుకి మోకాళ్ళ దాకా అని చెబుతున్నాడు. టైలరు సూటు కోసం ఎదురుచూస్తున్న పెళ్ళికొడుకుతో, "నడుం దాకా బాబూ, కొలిచి చెబుతున్నా" అన్నాడు. వృత్తిధర్మం. నర్సుని ఆస్పత్రివాళ్ళు ఎంతమందికి ప్రమాదమని అడిగారు. ఆమె తడబడి, "మా పెట్టె వరకూ అందరం క్షేమమే సార్" అంది. తక్కిన పెట్టెల సంగతేమిటని ఆస్పత్రి హడలిపోయింది.

ఇంటర్వ్యూ మధ్యాహ్నానికి మార్చినట్టు పీఏ చెప్పగానే గుమాస్తా గారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. తిరుగు రైలు కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడి మళ్ళీ జవాబులు అందుకున్నాడు. బలం దగ్గరికి వచ్చేసరికి ఇంటినుంచి ఫోను.

"ఏమండీ! ఎక్కడున్నారు? సముద్రం ముందుకొచ్చేసిందట!"

"నీకెవరు చెప్పారే?"

"పక్కింటావిడ. వాళ్ళ చెల్లెలు ఆస్పత్రిలో పనిచేస్తుందిగా. అంబులెన్సులు బయల్దేరాయట. బీరువా మేడ మీదికి ఎక్కించేశాను."

"ఒక్కదానివేనా?"

"వీధి వీధంతా కలిసి ఎక్కిస్తున్నామండీ. మనది అయ్యాక ఎదురింటివాళ్ళది."

"ఒక్కసారి బయటికెళ్ళి చూడవే తల్లీ, సముద్రం ఎక్కడుందో!"

"ముందుకొచ్చే సముద్రానికి ఎదురెళ్ళి చూడమంటారా? నా పీడ ఎప్పుడు వదులుతుందా అని చూస్తున్నారన్నమాట!"

"కాదే, అదంతా అబద్ధం!"

"ఆ అబద్ధం పుట్టించిన అప్రాచ్యుడెవడో దొరకనివ్వండి, ఆ బీరువా వాడి నెత్తిన పెట్టి దింపిస్తాను!"

"మాట సరిగ్గా వినబడ్డం లేదు" అని గుమాస్తా గారు ఫోను కట్టేశాడు. అంతలోనే మళ్ళీ మోగింది. ఈసారి సాక్షాత్తూ డైరెక్టరు గారు.

"ఏమయ్యా, నీళ్ళు ఎంతవరకొచ్చాయి? ఇక్కడ ఒకరు మోకాళ్ళంటారు, ఒకరు నడుమంటారు. ఆ ఒడ్డునుంచి అంబులెన్సుల కూత వినిపిస్తోందని కూడా అంటున్నారు. బోర్డువాళ్ళంతా నా ఎదుటే కూర్చున్నారు. నువ్వున్నచోటునుంచి ఒక ఫొటో పంపు."

"ఫొటో... అంటే... ఫొటోనా అండీ?"

"వెంటనే!"

గుమాస్తా గారు సముద్రం వంక చూశాడు. అది పళ్ళెంలో పోసినట్టు కదలకుండా పడి ఉంది. అవసరానికి ఆదుకోని చుట్టంలా ఉంది. ఆయన గబగబా స్టేషన్ వెనక మెట్లు దిగి, ఇసకలో నడిచి, టైతో, బూట్లతో, చేతిలో ఫైలుతో నీళ్ళలోకి దిగిపోయాడు.

"సార్! ఇస్త్రీ! ఇస్త్రీ పోద్ది సార్!" అని టైలరు వెనకాలే పరిగెత్తాడు.

"ఇస్త్రీ సంగతి తర్వాత, ముందు ఫొటో తియ్యి! స్టేషన్ బోర్డు పడాలి!"

"ఇంకొంచెం లోపలికెళ్ళండి. నేను నడుమన్నాను, మీరు చీలమండ దగ్గర నిలబడితే మాటొస్తుంది."

ఆయన ఇంకొంచెం లోపలికెళ్ళాడు. అంతవరకూ పడుకున్న సముద్రానికి అప్పుడే తన బాధ్యత గుర్తొచ్చినట్టుంది. ఒక పెద్ద అల లేచి ఆయన్ని వెనకనుంచి ఒక్క తోపు తోసింది. ఫైలు నెత్తికెత్తుకుని, టై భుజం మీదికెగిరి, నోరు బార్లా తెరిచి, ఆయన పడబోతూ నిలదొక్కుకుంటున్న క్షణాన టైలరు పక్కనుంచి ఫొటో తీశాడు. ఒక మూల స్టేషన్ బోర్డు, దాని పక్కన అప్పుడే వచ్చి ఆగిన అంబులెన్సు కూడా పడ్డాయి.

ఫొటో వెళ్ళింది. ఆయన బూట్లలో నీళ్ళు ఒంపుకుంటుండగా డైరెక్టరు గారి పిలుపు వచ్చింది.

"చూశామయ్యా! బోర్డు బోర్డంతా లేచి నిలబడింది. అంత ఉప్పెనలో టై విప్పలేదు, ఫైలు వదల్లేదు. నీకు మళ్ళీ ఇంటర్వ్యూ ఏమిటి? అధికారివి నువ్వే!"

గుమాస్తా గారు ఆనందంతో ఇసకలో ఎగిరి గంతేశాడు. "ధన్యుణ్ణండీ! రేపే చేరిపోతాను. ఇంట్లోంచి నాలుగడుగులు వేస్తే..."

"ఏ నాలుగడుగులు? మునిగిపోయేచోట లిఫ్టులెలా బాగుచేస్తాం? ఆ ఒడ్డున కేంద్రం రద్దు చేసేశాం. సమయానికి నువ్వు హెచ్చరించబట్టి కంపెనీ మునగలేదు. నగరానికి అవతలి చివర, సామాన్ల యార్డు కూడా దాటాక, కొండ మీద స్థలం ఖాయం చేశాం. అక్కడికి ఏ సముద్రం వస్తుందో చూద్దాం!"

"అయ్యా... నీళ్ళు తగ్గుతున్నాయండి. ఇప్పుడిప్పుడే... బాగా తగ్గాయండి."

"ధైర్యం చెప్పకు, ఫొటో చూశాంగా."

"అసలు నీళ్ళే రాలేదండీ! నేను నిద్రపోయానండి, మొత్తం పెట్టె నిద్రపోయిందండి!"

"పాపం, ఉప్పునీళ్ళు మింగి మాట తడబడుతోంది. అంబులెన్సు వచ్చిందిగా, ఎక్కు" అని డైరెక్టరు గారు ఫోను పెట్టేశారు.

గుమాస్తా గారు సంగతి చెప్పగానే ఆఖరి పెట్టెవాళ్ళు ప్లాట్‌ఫారం మీదే సమావేశమయ్యారు. మాస్టారు గొంతు సవరించుకుని తీర్పు చెప్పాడు. "ఇకనుంచి అందరికంటే చివర దిగేది నువ్వే కాబట్టి, కాపలా సీటు శాశ్వతంగా నీదేనయ్యా."

"ఇక మాకు ఏ బాధా లేదన్నయ్యా" అంది నర్సు మనస్ఫూర్తిగా.

టైలరు తల ఊపాడు. అతని కళ్ళు అప్పటికే సగం మూసుకుని ఉన్నాయి.

ఇంటికి వెళ్ళేసరికి భార్య మేడ మెట్ల మీద చెమటలు తుడుచుకుంటూ కూర్చుని ఉంది. తడిసిన మొగుణ్ణి చూసి, "ఉద్యోగం వచ్చిందా?" అంది.

"వచ్చింది."

"ఎక్కడ?"

ఆయన చెప్పాడు. ఆమె తల తిప్పి మేడ మీది బీరువా వంక చూసింది.

"పోనీలెండి, కొండ మీదంటున్నారుగా. ఇన్నాళ్ళకి పైకొచ్చారు" అంది చివరికి. "ఒంటి మీద ఆ తడిబట్టలు మార్చుకోండి. తర్వాత బీరువా సంగతి చూద్దురు గాని."

బీరువా ఇప్పటికీ మేడ మీదే ఉంది. దాన్ని కిందికి దించాలంటే ఆయన ఇంట్లో ఉండాలి.