నీళ్ళరంగుల కిటికీ

మా వంటింటికి కిటికీ లేదు. ఈ మాట మా ఆవిడ రోజూ పొయ్యి పొగలోంచి చెప్పేది.

నేను తాపీ మేస్త్రీని. ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకి కిటికీలు పెట్టి బతుకుతున్నవాణ్ణి. అయినా మా వంటింటి గోడ జోలికి పోనన్నాను. పని నేర్చుకున్నాక నా చేత్తో కట్టిన మొదటి గోడ అది. ఇప్పటికీ వెంట్రుకవాసి బీట లేదు. దానికి నేనే బొక్క కొట్టాలా?

"గోడకి చెప్పినా మీకు చెప్పినా ఒకటే" అంది మా ఆవిడ.

"గోడకే చెప్పు. నాకన్నా ఓపిగ్గా నిలబడుతుంది" అన్నాను.

మా బావమరిది బళ్ళో బొమ్మలు నేర్పే మేష్టారు. ఒకసారి ఇంటికొచ్చి కొత్త సంగతి చెప్పాడు. కళ్ళెదుట ఉన్నదాన్ని రోజూ నీళ్ళరంగులతో వేసి, మనసులో అనిపించింది కింద రాసుకుంటూ పోతే మనిషి చూపే మారిపోతుందట. వస్తువు మారక్కర్లేదట.

వస్తువు మారక్కర్లేదన్న మాట నాకు తేనెలా తగిలింది. గోడని అలాగే ఉంచి పెళ్ళాం చూపు మార్చొచ్చన్నమాట.

మర్నాడే రంగుల పెట్టె, కుంచెలు, దళసరి కాగితాలు తెచ్చి చేతిలో పెట్టాను. ఎందుకంది. నీ మనశ్శాంతికి అన్నాను. నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం ఉందేమో చూసింది. అడక్కుండా నేను ఏదైనా తేవడం అదే మొదలు మరి.

ఏం వెయ్యాలని అడిగితే గోడే వెయ్యమన్నాను. మనసులో ఏముంటే అది వెయ్యి, అదే పనిగా చూస్తే దాని అందం నీకే తెలుస్తుందన్నాను.

మొదటి బొమ్మలో గోడ మసిబారి ఉంది. కింద "ఇవాళ నేను దగ్గాను. గోడ దగ్గలేదు" అని రాసింది.

నేను పట్టు వదల్లేదు. పూటపూటా కుంచెలు కడిగి అందించాను. బొమ్మ బొమ్మకీ గోడ నలుపు విరిగి బూడిదరంగుకి దిగింది. సణుగుడూ తగ్గింది. నీళ్ళు కలిపితే కోపమైనా పలచబడాల్సిందే అనుకున్నాను.

ఒక పొద్దున చూద్దును గదా, బొమ్మలో గోడకి కిటికీ ఉంది. రెండు రెక్కలు, ఊచలు, అవతల నీలం ఆకాశం. నా కడుపు నిండిపోయింది. లేని కిటికీ కనబడుతుంటే ఇంక ఉన్న కిటికీతో పనేముంది? బావమరిదిని పిలిచి మరీ చెప్పాను. వాడెందుకో నీళ్ళు నమిలాడు.

ఆ సంతోషంలో, కిటికీ బాగా కుదిరింది, వెడల్పు ఎంతనుకున్నావని అడిగాను.

"నాకేం తెలుసండీ. మీరే చెప్పాలి" అంది.

వెడల్పు చెప్పాను. ఎత్తు చెప్పాను. పైన బరువు మోసే లింటల్ ఎంత మందం ఉండాలో కూడా చెప్పాను. బుద్ధిగా బొమ్మ కింద రాసుకుంది.

మర్నాడు పక్కూళ్ళో పని చూసుకుని ఇంటికొస్తుంటే వీధిలోకే సుత్తిదెబ్బలు వినబడ్డాయి. వంటింట్లోకి పరిగెత్తాను. నా గోడలోంచి ఎండ లోపలికి పడుతోంది. ఆ ఎండలో తూకంగుండు నిగనిగలాడుతున్నాడు. వీడు నా దగ్గర పనివాడు. గోడ నిలువు చూసే తూకంగుండు చేతిలోంచి వదలడు, నెత్తిన వెంట్రుక మొలవదు. ఎటు చూసినా పేరు అతికింది.

ఎవరు కొట్టమన్నార్రా అన్నాను.

"అక్క కాగితం ఇచ్చింది మేస్త్రీ. కొలతలు మీరు చెప్పినవేనంది. ఆకాశం కూడా ఉంది గానీ అది మన పని కాదని వదిలేశాను."

కొలతలున్న కాగితం చేతికొస్తే మారు మాట్లాడకుండా పని మొదలెట్టాలని వాడికి నేర్పింది నేనే.

మా ఆవిడ వైపు తిరిగాను.

"కాగితం మీరు తెచ్చిందే. కొలతలు మీవే. మనసులో ఏముంటే అది వెయ్యమన్నదీ మీరే" అంది, గరిటె తిప్పుతూ.

అరుద్దామని నోరు తెరిచాను. అంతలో బొక్క అంచు కంటబడింది. వంకర. నా గోడకి వంకర కిటికీయా? చొక్కా విప్పి తాపీ అందుకున్నాను.

అంచు చూద్దామని బయటికెళ్ళి అటునుంచి లోపలికి తొంగిచూశాను. మా ఆవిడ వంట చేస్తుంటే నాకెప్పుడూ వీపే కనబడేది. ఇప్పుడు మొహం కనబడింది. బట్టీలోంచి అప్పుడే తీసిన ఇటుకలా ఉంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. కొంగుతో తుడుచుకుని మళ్ళీ పొగలోకి వంగింది.

"అంతలా ఏం చూస్తున్నారు?" అంది.

"కొలత."

"సరిపోయిందా?"

"ఇంకో జానెడు పెంచొచ్చు" అన్నాను.