ఏడో నంబరుకు తరుగెంత?

...కాబట్టి, ప్రపంచంలో అన్నిటికన్నా గొప్ప సింఫనీ ఏదో తేల్చే అధికారం వియన్నాకు లేదు, బెర్లిన్‌కు లేదు, జనగామ ప్రభుత్వ శ్రవణాలయానికే ఉంది. హాజరు పట్టీలో సంతకం పెడుతూ నేను ఈ ఆలోచన దగ్గరే ఆగిపోయాను. గొప్పది సరే. నచ్చింది ఏదని ఎవరైనా అడిగితే? (పదకొండేళ్లుగా ఎవరూ అడగలేదు. ఆ భరోసాతోనే ఉద్యోగం చేస్తున్నాను.)

శ్రవణాలయమంటే, పౌరులు పనివేళల్లో వచ్చి, దరఖాస్తు నింపి, మంచి సంగీతం వినిపోయే కార్యాలయం. హెడ్‌ఫోన్ ఒకటే. నేను అక్కడ సహాయకుణ్ణి.

పై కార్యాలయం నుంచి పోలిక పత్రం వచ్చింది. మా దగ్గరున్న ఐదు, ఏడు, తొమ్మిది నంబరు సింఫనీలను పోల్చి, గొప్పదాన్ని ఉంచుకుని, మిగతా రెండు సీడీలను సాయంత్రం ఐదులోగా వాపసు పంపాలి. మూడూ ఒకే జర్మనీ ఆయన రాసినవి. రైలు వచ్చేదాకా సరిపోతుందని మహబూబాబాద్ శాఖ తొమ్మిదిని ఉంచుకుంది. బొగ్గుబాయి సైరనులా మొదలవుతుందని భూపాలపల్లి శాఖ ఐదును ఉంచుకుంది. ఏడును ఎవరూ అడగలేదు. మేమూ వదిలేస్తే దాన్ని 'నిరుపయోగం' కింద విరగ్గొడతారు. (అందుకు వేరే పత్రం ఉంది.)

అది 2011 ఫిబ్రవరి. ఉద్యోగుల జేఏసీ పిలుపు మీద తెలంగాణ కోసం సహాయ నిరాకరణ నడుస్తోంది. ఉద్యోగులందరం ఆఫీసుకు వచ్చి, సంతకం పెట్టి, పెన్ను కింద పెట్టి కూర్చుంటున్నాం. (మా ఆఫీసులో తేడా కనిపెట్టడానికి ప్రజలకు నాలుగు రోజులు పట్టింది.) రాయడం నిషేధం గాని పోల్చడం నిషేధం కాదు. అందువల్ల శ్రవణాధికారి శ్రీవాణి మేడం సమితిని సమావేశపరిచారు. ఆమె, నేను, అటెండరు అమర్‌సింగ్, శ్రోతల ప్రతినిధిగా వడ్ల వ్యాపారి లక్ష్మీనారాయణ సేటు. మార్కెట్ బందు కాబట్టి సేటుకు ఆ రోజు తీరిక.

సేటు ముందుగా హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు.

"ఎంతసేపొస్తది గిది?"

"తొమ్మిదోది డెబ్భై నిమిషాలు. ఏడోది నలభై."

"ఇంకేంది మరి? తూకంల తొమ్మిదే ఎక్కువాయె." మళ్లీ విని, చెవి తట్టుకున్నాడు. "ఏడోదాంట్ల నడుమ సప్పుడే లేదు. గదంత తాలు. నలభైకి పది తరుగు తియ్యి."

ఆ పది నిమిషాలు రెండో భాగం. చాలా మెల్లగా మొదలవుతుంది. ఒక పొడుగడుగు, రెండు పొట్టి అడుగులు, మళ్లీ రెండు పొడుగులు. చిల్పూర్‌లో మా బాపు మోకాలి నొప్పితో పొలం ఒడ్డు మీద సరిగ్గా అలాగే నడిచేవాడు. ఆయన పోయిన నాటి నుంచి ప్రతి మధ్యాహ్నం, భోజన విరామంలో, నేను ఆ నడక వింటున్నాను. ఈ విషయం చెప్పడానికి పత్రంలో గడి లేదు.

"తొమ్మిదోదాంట్ల పాడెటోళ్లు గూడ ఉన్నరట గదా సార్?" అన్నాడు అమర్‌సింగ్.

"ఉన్నరు. ఆఖరి భాగంలనే పాడుతరు. అప్పటిదాక వేదిక మీద ఊకెనే కూసుంటరు."

"వొచ్చుడు, కూసునుడు, పని ముట్టకపోవుడు! గాళ్లు మనోళ్లే సార్. నా ఓటు తొమ్మిదికే."

మేడం ఒప్పుకోలేదు. సర్వీసు నిబంధనల ప్రకారం చిన్న నంబరే సీనియర్ కాబట్టి ఐదే గొప్పది. ఆ రాసినాయనకు ఆఖర్లో చెవులు వినబడవని కూడా ఆమె సభకు తెలియజేశారు.

సేటు కళ్లు పెద్దవి చేశాడు. "ఇనకుంటనే రాసిండా? గట్లయితే గవర్నమెంటు నౌకరే!"

ఇద్దరు తొమ్మిదికి, ఒకరు ఐదుకు. మేడం నియమావళి తెరిచి, ఎవరూ ఎన్నడూ చదవని పదకొండో నియమం చదివారు. సమితికి ఏకాభిప్రాయం కుదరకపోతే సహాయకుడి అభిప్రాయమే సమితి అభిప్రాయం.

ముగ్గురూ నావైపు తిరిగారు. 'మీరన్నట్టే మేడం' అనే వాక్యం అలవాటుగా నోటిదాకా వచ్చింది. మింగాను.

"గిన్నేండ్ల సంది ఇంటున్నవు గదా వెంకట్రాం సారూ," అన్నాడు సేటు. "నీకేది మంచిగున్నది?"

ఆ మాటకు ఉలిక్కిపడ్డాను. ఉద్యోగంలో చేరిన ఏడాది ఇదే ఏడో నంబరు గురించి అభిప్రాయం గడిలో 'మంచిగున్నది' అని రాశాను. ఎర్ర సిరాతో సున్నా చుట్టి తిప్పి పంపారు. 'భాషాదోషం. బాగుంది అని సవరించగలరు.' సవరించాను. అప్పటి నుంచి ఏ సంగీతం విన్నా, నచ్చిందా లేదా అన్నదానికన్నా ముందు ఏ మాటలో నచ్చిందో చూసుకుంటున్నాను. అంతలో పాట అయిపోతుంది.

"ఏడు," అన్నాను. గొంతు నాదేనా అని అనుమానం వచ్చింది.

"తరుగు పోంగనా?" అన్నాడు సేటు.

"తరుగు లేదు."

మేడం నన్ను కొత్తగా చూశారు. "సరే, ఏడే. కానీ రాసుడెట్ల? పెన్ డౌన్ గదా."

అమర్‌సింగ్ బయట దీక్షా శిబిరానికి వెళ్లి కనుక్కొచ్చాడు. "పెన్సిల్ మీద జేఏసీ ఏం నిర్ణయం తీసుకోలేదంట మేడం."

నాలుగూ యాభైకి పత్రం నా ముందుకొచ్చింది. అభిప్రాయం గడి కింద సన్నటి అక్షరాలతో సూచన ఉంది. 'శ్రావ్యము, అతిశ్రావ్యము, బాగుంది: వీటిలో ఒకటి మాత్రమే వాడవలెను. ఇతర పదములు వాడిన పత్రము చెల్లదు. సీడీ నిరుపయోగముగా పరిగణింపబడును.' 'అతిశ్రావ్యము' అని రాస్తే బాపు నడక నాకు మిగులుతుంది. ఎవరికీ నష్టం లేదు.

బయట మైకులో మన నీళ్లు, మన కొలువులు, మన యాస అంటున్నారు. చప్పట్లు కొడుతున్నారు. నేనూ లోపలి నుంచి కొట్టాను.

తర్వాత పెన్సిల్ చెక్కుకుని, గడిలో 'మంచిగున్నది' అని రాశాను.

రాసి, రబ్బరు చేతికందే చోట పెట్టుకున్నాను.