మార్లిస్ మెడలో తాళం చెవి

తుపాకుల బీరువా తలుపు బార్లా తెరిచి ఉంది, లోపల ఉండాల్సిన రైఫిల్ లేదు.

మార్లిస్ గబుక్కున మెడ తడుముకుంది. తాళం చెవి గొలుసుకే వేలాడుతోంది. భర్త లారీ వేసుకుని పక్క రాష్ట్రం వెళ్లాడు. తొమ్మిదేళ్ల కూతురు ఏడా ఇంకా నిద్ర లేవలేదు. దాని దిండు కింద, మంచం కింద, బొమ్మల పెట్టెలో చెయ్యి పెట్టి చూసింది మార్లిస్. ఎక్కడా లేదు. సాయంత్రం ఏడా పుట్టినరోజు. పిల్లలంతా వచ్చి రాత్రికి ఇక్కడే పడుకుంటారు. కేకుకి క్రీము పూస్తే సరిపోతుందనుకుంటూ లేచిన పొద్దు ఇది.

నిన్ననే ఏడా స్నేహితురాలి తల్లి జోయెల్ ఫోన్ చేసింది. ఊరికి కొత్త. తన పాపకి వేరుశనగ పడదని చెప్పి, మీ కుక్క కరుస్తుందా అని అడిగి, గొంతు సవరించుకుని, "ఏమనుకోకు, ఇంట్లో తుపాకీ ఉందా? తాళం వేసే ఉంచుతారా?" అంది. ఇంటింటా తుపాకీ ఉండే ఈ మోంటానా కొండల్లో ఆ మాట అడగడమంటే, స్నానం చేశావా అని అడిగినంత అవమానం. అయినా మార్లిస్, "నా మెడ కోస్తే తప్ప ఆ బీరువా తెరుచుకోదమ్మా" అంది గర్వంగా.

ఇప్పుడు ఏడాకి జ్వరమని చెప్పి తప్పించుకోవచ్చు. మార్లిస్ ఒక నిమిషం ఆలోచించి ఫోన్ అందుకుంది.

"జోయెల్, పాపని పంపకు. మా తుపాకీ కనబడటం లేదు."

"నీ మెడ బాగానే ఉందా?"

"మెడకేం, భేషుగ్గా ఉంది!"

"వస్తున్నానుండు. ఇద్దరం వెతుకుదాం."

పాపని భర్తకి అప్పగించి జోయెల్ పరుగున వచ్చింది. ఇద్దరూ ఇల్లంతా గాలించారు, చివరికి వరండా కింద దూరారు. నాలుగు కాళ్లు బయటికి కనబడేసరికి పక్కింటి డోరెన్స్ సంగతేమిటని కేకేశాడు. జోయెల్ ఫోన్ దగ్గర్నుంచీ అంతా విన్నాడు. ఇంట్లోకి వెళ్లి తన తుపాకీతో తిరిగొచ్చాడు.

"దొంగ ఎటు పోయాడు?"

"ముందు దాన్ని కింద పెట్టు డోరెన్స్!" అంది మార్లిస్.

"ఖాళీదేలే తల్లీ." విప్పి చూపించబోయాడు. తూటా ఉంది. "అరె!"

జోయెల్ ముఖం పాలిపోయింది. "దీన్ని ఇంట్లో ఎక్కడ పెడతారు?"

"ఫ్రిజ్ వెనక."

"మొన్న మా పాప మీ ఇంట్లోనే కదండీ ఆడుకుంది!"

"అయితే అడగాల్సింది. మార్లిస్‌ని అడిగావుగా?"

జోయెల్ తలొంచుకుంది. "మీ ఆవిడ చర్చిలో పిల్లలకి పాఠాలు చెబుతారు కదా... అలాంటావిడని ఎలా అడగను?"

డోరెన్స్ తూటా తీసి జేబులో వేసుకుని మెట్టు మీద కూలబడ్డాడు. "మా మనవలు కూడా అక్కడే దాక్కుని ఆడతారు" అన్నాడు, తనలో తాను అనుకుంటున్నట్టు.

అంతలో మార్లిస్ మామగారు వెండెల్ పాత పికప్ బండి వచ్చి ఆగింది. వెనక గదిలో ఉంటాడాయన. తెల్లారకముందే బయటికి పోయి, ఇదిగో ఇప్పుడు వస్తున్నాడు.

"మామయ్యా, మన రైఫిల్ ఎవరో ఎత్తుకుపోయారు! షెరీఫ్‌కి ఫోన్ చేస్తున్నాను."

"చెయ్యకమ్మా." వెండెల్ టోపీ తీసి చేతుల్లో నలిపాడు. ముగ్గురి ముఖాలూ చూశాడు. ఇక దాచి లాభం లేదనుకున్నాడు.

"నేనే తీశాను. తుపాకుల కొట్టువాడి దగ్గర జాగ్రత్త చేసొచ్చాను. తెల్లారుజామున ఆ బీరువా గడియ విరిగిపోయింది. పిల్లలొచ్చే ఇంట్లో దాన్నలా వదిలేస్తానా? విరగ్గొట్టిందీ నేనే. డాక్టరు తీపి మానెయ్యమన్న దగ్గర్నుంచీ రోజూ వెన్న రాసే చాకుతో ఆ తలుపు తీస్తున్నాను. అడుగున గుడ్డ కింద నా చాక్లెట్లున్నాయి. నీకు దొరక్కుండా దాచాలంటే ఇంట్లో అంతకన్నా భద్రమైన చోటు లేదనుకున్నానమ్మా."