రెండింటిలో ఒకటి వెనక్కి

ఆ ఆదివారం ఉదయం లెక్కల మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య కంప్యూటర్ బాగా మందగించింది. దాని ప్రాసెసర్ మార్చాలి. రిపేరు షాపు మెకానిక్ ముందురోజే రెండు ప్రాసెసర్లు తెచ్చి చేతిలో పెట్టాడు.

"రెండూ పాతవే, రెండూ చవకే మాస్టారూ. మీ మిషన్లో ఏదైనా పడుతుంది. వేసి చూసి, నచ్చింది ఉంచుకోండి. రెండోది రేపు ఐదింటికి వచ్చి పట్టుకెళ్తా" అన్నాడు.

మాస్టారు టూత్‌పేస్టు కొనేముందు కూడా కాగితం మీద గళ్లు గీసుకునే మనిషి. ఆ రాత్రి ఆయనకు సుఖంగా నిద్రపట్టింది.

భార్య ఇళ్ల ప్లాన్లు గీస్తుంది. పన్నెండేళ్లుగా ఆమె గీసిన వాటి కింద ఇంకెవరో సంతకం పెడుతూ వచ్చారు. మొదటిసారి తన పేరుతో ఒక ఆస్పత్రి ప్లాను పంపబోతోంది. గడువు ఆ సాయంత్రం ఐదు గంటలు. చివరి కొలతలు తీసుకోవడానికి బయల్దేరుతూ, గుమ్మంలో ఆగి హెచ్చరించింది.

"పదకొండుకల్లా మిషను పనిచేస్తూ ఉండాలి."

"పదిన్నరకే ఇచ్చేస్తాగా!"

"విప్పిన స్క్రూలన్నీ మళ్లీ లోపలికే వెళ్లాలి. పోయినసారి రెండు మిగిలాయి."

"అవి అదనపువి" అన్నాడు మాస్టారు గంభీరంగా.

ఇంట్లో ఇంకా ఇద్దరున్నారు. కంటి ఆపరేషను చేయించుకుందామని మాస్టారి తల్లి, మోకాళ్ల వైద్యానికని ఆయన అత్తగారు ఒకే నెలలో దిగారు. ఆపరేషను అయిపోయింది, మోకాళ్ల వైద్యం సాగుతోంది. తల్లి ఏ పనైనా చిటికెలో చేసేస్తుంది. మధ్యలో ఎవరైనా అడ్డొస్తే మాత్రం ఇల్లు ఎగిరిపోతుంది. అత్తగారికి కోపమంటే ఏమిటో తెలియదు. ఆవిడ ఒకేసారి నాలుగు పనులు మొదలుపెడుతుంది, నాలుగూ సాయంత్రానికి సగంలో ఉంటాయి. మూడు వారాలుగా ఒకరి పద్ధతి ఒకరికి గిట్టడం లేదు. "వదినగారూ" అన్న మర్యాద మాత్రం ఇద్దరూ తప్పలేదు.

భార్య అటు వెళ్లగానే మాస్టారు తన బళ్లో పనిచేసే ఫిజిక్స్ మాస్టారికి ఫోన్ చేశాడు. అరవైమంది పిల్లలకు వినిపించేలా మాట్లాడి అలవాటైన గొంతు. ఫోన్లో కూడా తగ్గలేదు.

"రెండూ పాతవేనయ్యా... మొదటిదానికి ఒక పని అప్పగిస్తే ఇట్టే చేసేస్తుంది. కానీ తొందరగా వేడెక్కుతుంది. వేడెక్కిందంటే ఇక పట్టలేం... రెండోది చల్లగానే ఉంటుంది. నాలుగు పనులు ఒకేసారి పెట్టుకుంటుంది, ఏదీ తెమల్చదు... రెండూ ఎలా ఉంచుకుంటాం? ఒకటి చాలు. పదిన్నర దాకా రెండింటి పనితీరూ చూసి, పనికిరానిదాన్ని ఐదింటికి పంపించేస్తా... మా ఆవిడకు తెలుసయ్యా, తనే చూడమంది!"

వంటింట్లో ఇద్దరి చేతులూ ఒక్కసారే ఆగిపోయాయి. ఆడవాళ్లకూ వస్తువులకూ ఒకే క్రియాపదం సరిపెట్టడంలో ఎంత ప్రమాదముందో వ్యాకరణం రాసినవాళ్లు ఆలోచించినట్లు లేదు. 'పంపించేస్తాడా?' అని అత్తగారు బెంగపడింది. 'కన్నతల్లిని పట్టుకుని అది, ఇది అంటాడా?' అని తల్లి మండిపడబోయింది. అంతలోనే, వేడెక్కడం తన లోపంగా లెక్కలోకి వస్తోందని గుర్తొచ్చి, బలవంతంగా నవ్వింది.

"ఎండ బాగా కాస్తోంది కదూ వదినగారూ" అంది.

"అవును వదినగారూ" అని అత్తగారు చీపురు అందుకుంది. మోకాళ్లను మరిచిపోయి పరుగులాంటి నడకతో వెళ్లింది.

పక్కగదిలో మాస్టారు మొదటి ప్రాసెసర్ బిగించి, భార్య గీసిన ప్లాను తెరిచి, చేతిగడియారం చూసుకున్నాడు. తెరుచుకోవడానికి మూడు నిమిషాల పది సెకన్లు పట్టిందని గళ్ల కాగితం మీద రాసుకున్నాడు. అంతలో తల్లి టీ తెచ్చింది. "నాన్నా, నెమ్మదిగా తాగు" అంది. ఆవిడ ఆయన్ని నాన్నా అని పిలిచి ముప్పయ్యేళ్లయింది. మాస్టారికి కాస్త భయం వేసింది.

"ఒంట్లో బావుందా అమ్మా?"

"చల్లగా ఉన్నాను" అంది తల్లి, మాటను ఒత్తి పలుకుతూ.

రెండో ప్రాసెసర్ బిగించాడు. మూడు నిమిషాల పన్నెండు సెకన్లు. రెండు సెకన్ల తేడాతో తీర్పు చెప్పడానికి ఆయన మనసొప్పలేదు. మళ్లీ మొదలుపెట్టాడు. ఆ సమయానికి తల్లి నాలుగు పనులు ఒకేసారి చేయగలనని నిరూపించే ప్రయత్నంలో ఉంది. బట్టల మిషను తిరుగుతోంది, మిక్సీ అరుస్తోంది, నీళ్ల హీటరు కాగుతోంది. ఇస్త్రీపెట్టె స్విచ్చి కూడా వేసింది. టప్పుమని కరెంటు పోయి ఇల్లంతా నిశ్శబ్దమైంది.

"ఎవరేం చేశారు?" అని మాస్టారు కేకేశాడు.

"నేను కోప్పడలేదు!" అని తల్లి వంటింట్లోంచి జవాబిచ్చింది.

ఎలాగూ ఆగింది కదా అని మాస్టారు ప్రాసెసర్ పైనుండే ఫ్యానూ, దాని కిందుండే, వేడి లాగేసే రేకుల దిమ్మా విప్పి బల్ల మీద పెట్టి, ఫ్యూజు వేయడానికి మెట్లకిందికి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి బల్ల అద్దంలా మెరుస్తోంది. ఫ్యానూ లేదు, రేకుల దిమ్మా లేదు. గళ్లు గీసిన కాగితం కూడా లేదు.

సరిగ్గా అప్పుడే భార్య తిరిగొచ్చింది. పొట్ట విప్పిన కంప్యూటర్‌నూ, మంచం కింద దూరిన భర్తనూ చూసి, కొలతల పుస్తకం చేతిలోంచి జారవిడిచింది.

"ఏమండీ, ఇది నా మొదటి ప్లాను. మీకు గుర్తుందా?"

"గుర్తుంది. ఒక్క ఫ్యాను దొరికితే చాలు."

అత్తగారు రొప్పుతూ వచ్చింది. "ఆ రేకుల గిన్నెనా అల్లుడుగారూ? లోపల బొంతంత దుమ్ము పేరుకుంది. పాత బ్రష్షు పెట్టి రుద్దేశా. రేకులు కడిగి, ఫ్యాను పొడిగుడ్డతో తుడిచి, డాబా మీద ఎండలో పెట్టా. పది నిమిషాల్లో చేశా! కావాలంటే గడియారం చూసుకోండి."

కడిగినది పూర్తిగా ఆరితేగాని బిగించడానికి వీల్లేదు. ఒంటిగంట దాకా భార్య డాబా మీద కూర్చుని కాపలా కాసింది, మాస్టారు ఆమెకు గొడుగు పట్టాడు. చివరికి "మీ ప్రయోగాలు చాలు, నా పాత ప్రాసెసరే పెట్టండి" అంది భార్య. మాస్టారు దాన్నే పెట్టాడు. ప్లాను నలభై సెకన్లలో తెరుచుకుంది.

ఇద్దరూ తెరకేసి అలాగే చూశారు. ఇన్నాళ్లూ ప్రాసెసర్‌కు తెలివి తక్కువై కాదు, ఆ దుమ్ములో ఊపిరాడక మందగించింది. భార్య కుర్చీ లాక్కుంది. నాలుగూ నలభైకి ప్లాను వెళ్లిపోయింది, కింద ఆమె సంతకంతో. ఆమె కుర్చీలో వెనక్కి వాలి, చాలాసేపటికి నవ్వింది. మాస్టారు అప్పుడు ఊపిరి పీల్చుకున్నాడు.

ఐదింటికి మెకానిక్ తలుపు తట్టాడు. వెనక గదిలో, ఎందుకైనా మంచిదని ఎవరికి వారు పెట్టె సర్దుకుని కూర్చున్న తల్లీ, అత్తగారూ చెవులు రిక్కించారు.

"ఏది పంపించేస్తున్నారు మాస్టారూ?"

"రెండూ తీసుకెళ్లిపోవయ్యా. పొద్దుట్నుంచీ చూశాను. రెండింటివల్లా ప్రయోజనం లేదు."

"తీసుకెళ్తా గానీ, కాళ్లు చూడాలి. కాళ్లు వంకరపోతే మా ఓనరు షాపులోకి రానివ్వడు."

మోకాళ్ల మీద చెయ్యి పెట్టుకున్న అత్తగారికి కళ్లనీళ్లు తిరిగాయి. అది చూసిన తల్లికి పొద్దుట్నుంచీ అణచిపెట్టుకున్న కోపమంతా ఒక్కసారి పైకి లేచింది. "మీ పెట్టె ఇటివ్వండి వదినగారూ. బరువు మొయ్యకండి" అని రెండు పెట్టెలూ రెండు చేతుల్లో పట్టుకుని ముందుగదిలోకి నడిచింది.

"ఒరే! నన్నంటే అన్నావు, కన్నదాన్ని గనక పడతాను. పిల్లనిచ్చిన మనిషి కాళ్లు పరీక్ష చేయిస్తావురా? అంత నమ్మకంగా కూతుర్ని నీ చేతిలో పెట్టిందే!"

మెకానిక్ రెండడుగులు వెనక్కి వేశాడు. "మాస్టారూ, నేను కంప్యూటర్ సామాన్లే తీసుకుంటానండీ" అన్నాడు.

సంగతి తెలియడానికి పావుగంట పట్టింది. మాస్టారు అరచేతిలో రెండు ప్రాసెసర్లూ పెట్టి చూపించాడు. తల్లి ఒకదాన్ని తిప్పి, ఆపరేషనైన కంటితో అడుగున ఉన్న సన్నని పిన్నులను చూసింది.

"వీటినా కాళ్లంటారు? ఎన్నున్నాయి?"

"తొమ్మిది వందలకు పైనే ఉంటాయమ్మా" అన్నాడు మెకానిక్.

"మరి వేడెక్కేది?"

"ఇదేనమ్మా" అన్నాడు మాస్టారు తలదించుకుని. భార్య నవ్వు ఆపుకోలేక గోడకేసి తిరిగింది. ముందు అత్తగారు నవ్వింది, ఆ తర్వాత తల్లి.

"పెట్టెలు నేను లోపల పెడతాను" అని మాస్టారు చెయ్యి చాపాడు.

"ఉండనీరా" అంది తల్లి. "ఎలాగూ సర్దుకున్నాం. వదినగారు మా ఊరు చూడనేలేదు. ఓ పదిహేను రోజులు ఇద్దరం అక్కడుంటాం. డాక్టరు చెప్పిన మోకాళ్ల వ్యాయామాలు నేను దగ్గరుండి చేయిస్తాలే."

"వంట ఎవరి వంతు వదినగారూ?" అని అత్తగారు మురిపెంగా అడుగుతూ మెట్లు దిగింది.

మర్నాటి నుంచి, వాళ్లిద్దరూ లేని ఆ ఇంట్లో సమయానికి పనిచేసింది కంప్యూటర్ ఒక్కటే.