తట్టు సోకిన ఇల్లు

ఆ ఉదయం లూయెల్లా కేకు మధ్యలో ఒక్కటే కొవ్వొత్తి గుచ్చి, చుట్టూ వెండి ప్లేట్లు సర్దింది. పాప నెట్టీకి మొదటి పుట్టినరోజు. లాంగ్ ఐలండ్‌లో సముద్రపొడ్డున బంగళా కొనుక్కుని ఏడాది కావస్తున్నా, చుట్టుపక్కల గొప్పింటివాళ్లు ఒక్కరూ గడప తొక్కలేదు. పాపను చూడ్డానికైనా వస్తారని అందరినీ పిలిచింది.

గేటు దగ్గర సుత్తి చప్పుడైంది. భర్త ఆర్విల్ ఎర్రబోర్డు బిగిస్తున్నాడు: తట్టు సోకిన ఇల్లు, లోపలికి రావద్దు.

"ఇదేంటి ఆర్విల్! పాప శుభ్రంగా ఉందిగా!"

"మద్యనిషేధం పోలీసులు ఇల్లిల్లూ సోదా చేస్తున్నారట. అంటురోగమంటే వాళ్లు లోపలికి రారు. కింద గదినిండా విస్కీయే కదా! నీ పట్టుగౌనులు దేంతో వచ్చాయనుకున్నావ్?"

"నువ్వు లారీ తోలేటప్పుడే నిన్ను చేసుకున్నాను. పట్టు అడిగానా?"

అతను వినిపించుకోలేదు. బోర్డు ఉత్తదేనని, తన దగ్గర విస్కీ కొనే ఖాతాదారులకు మాత్రం ఫోన్లు చేశాడు.

అతిథులు రాలేదు. పొద్దు వాలాక జడ్జిగారి భార్య మిసెస్ థార్న్‌డైక్ కారు దిగింది. లూయెల్లా అగ్గిపెట్టె కోసం పరిగెత్తింది.

"పాపకెలా ఉందమ్మా?"

"చల్లగా ఉందండీ! పైకి రండి, చూద్దురుగాని."

"భలేదానివే! చూడ్డమెందుకు? రెండు సీసాలివ్వు. జడ్జిగారికి దగ్గు."

ఆ పలకరింపే ఊళ్లో గుర్తుమాటైపోయింది. రోజూ కార్లు వచ్చేవి. పాపకెలా ఉందని అందరూ అడిగేవారు, జవాబు వినకుండా సీసాలతో వెళ్లేవారు. కిటుకు బాగుందని వీధిలో మరో రెండు బంగళాలకూ తట్టు సోకింది. పుట్టినరోజు కేకు మాత్రం కోయకుండానే ఎండిపోయింది.

ఒక ఉదయం పాప ఒంటినిండా ఎర్రటి దద్దుర్లు. ఆర్విల్ సరుకు కోసం ఊరెళ్లాడు. లూయెల్లా డాక్టర్ పెల్‌కు ఫోన్ చేసింది.

"డాక్టర్‌గారూ, పాపకు తట్టు! ఒళ్లు కాలిపోతోంది!"

"నిన్న తీసుకున్నదే ఇంకా అయిపోలేదమ్మా," అని పెట్టేశాడు.

జడ్జిగారి భార్యకు చేసింది.

"ఫోన్లో అలా అరుస్తారా ఎవరైనా? ధర పెంచారా ఏంటి?"

పాప మూలుగు తప్ప ఆ పెద్ద ఇంట్లో మరో గొంతు లేదు. లూయెల్లా కళ్లు తుడుచుకుని మళ్లీ డాక్టర్‌కే చేసింది.

"పాప బాగానే ఉందండీ. కెనడా సరుకు దిగింది. రెండే సీసాలు మిగిలాయి."

డాక్టర్ టోపీ కూడా పెట్టుకోకుండా వచ్చిపడ్డాడు. లూయెల్లా ఆయన చెయ్యి పట్టుకుని నేరుగా ఉయ్యాల దగ్గరికి లాక్కెళ్లింది. ఆయన ముఖంలో నవ్వు ఆరిపోయింది. చొక్కా చేతులు మడుచుకుని, జ్వరం దిగేదాకా అక్కడే కూర్చున్నాడు.

ఆ ఇంటికొచ్చినవాళ్లలో పాప ముఖం చూసిన మొదటి మనిషి ఆయనే. వెళ్తూ వెళ్తూ ఆ రెండు సీసాల సంగతి గుర్తుచేశాడు.